అరకు రైలును పగటి రైలుగానే ఉంచండి: రైల్వే బోర్డుకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే బోర్డు అధ్యక్షుల వారికి, తూర్పు కోస్తా, దక్షిణ కోస్తా రైల్వేల జనరల్ మేనేజర్లకు నమస్కారాలు.

విశాఖపట్నంలో ఉదయం ఏడు గంటలకు ముందే బయలుదేరి, కొత్తవలస, శృంగవరపుకోట, బొర్రా గుహలు, అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ చేరే ప్యాసింజరు రైలు గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఆ రైలు నడిచే మార్గం ఇప్పుడు రెండు పెద్ద మార్పుల నడుమ ఉంది. మొదటిది, 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రైల్వే జోన్ల పునర్విభజన. దాని ప్రకారం విశాఖపట్నం కొత్తగా ఏర్పడే దక్షిణ కోస్తా రైల్వేలో ఉంటుంది. కొత్తవలస నుంచి బచేలి దాకా ఉన్న కొండ మార్గం తూర్పు కోస్తా రైల్వేలోని కొత్త రాయగడ డివిజన్‌కు వెళ్తుంది. రెండోది, కొత్తవలస, ఒడిశాలోని కోరాపుట్‌ల మధ్య సాగుతున్న రెండో లైను నిర్మాణం. ఈ రెండింటిలోనూ సరుకు రవాణా లెక్కలు, సిబ్బంది పంపకాలు, ఆస్తుల జాబితాలు శ్రద్ధగా చూసేవారు ఉంటారు. పగటి వెలుగులో కిటికీ పక్కన కూర్చుని తూర్పు కనుమలను ఎక్కే ప్రయాణికుడి సంగతి మాత్రం ఏ ఫైలులోనూ చేరదేమోనన్న ఆందోళన నన్ను ఈ లేఖకు పురిగొల్పింది. నా విన్నపం ఒక్కటే. అరకు రైలును పగటి రైలుగా, అన్ని తరగతుల వారూ కొండను చూడగలిగే రైలుగా ఉంచుతామని మీరు రాతపూర్వకంగా హామీ ఇవ్వండి.

ఈ లైను వేసింది విహారయాత్రల కోసం కాదని నాకు తెలుసు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి అక్కడి నుంచి జపానుకు ఎగుమతి చేయాలన్న సంకల్పంతో, దండకారణ్య, బొలంగీర్, కిరిబురు ప్రాజెక్టులో భాగంగా 1960లలో దీన్ని నిర్మించారు. 1966–67 నాటికి లైను సిద్ధమైంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల పొడవున, యాభైకి పైగా సొరంగాలతో, లెక్కలేనన్ని వంతెనలతో, అంతకు ముందు సరైన బండిబాట కూడా లేని కొండల్లోంచి బ్రాడ్ గేజి పట్టాలు వేయడం ఆనాటి ఇంజనీర్లకూ కూలీలకూ ఎంత కష్టమైన పనో ఈ దారిన ఒక్కసారి వెళ్ళిన వారికైనా అర్థమవుతుంది. 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ కట్టింది కూడా ప్రధానంగా ఈ ఖనిజం ఎగుమతి కోసమే. తర్వాత వచ్చిన విశాఖ ఉక్కు కర్మాగారం కొలుములకూ ఖనిజం ఈ దారినే దిగుతోంది. కాబట్టి గూడ్సు బండ్లను ఆపి ప్యాసింజరుకు దారి ఇవ్వమని అడిగే అమాయకత్వం నాకు లేదు. ఖనిజం లేకపోతే ఈ లైనే లేదు. అయితే అరవై ఏళ్ళు గడిచేసరికి ఈ మార్గానికి కట్టినవారు అనుకోని రెండో ప్రయోజనం ఒకటి ఏర్పడింది. దాన్ని కూడా ప్రయోజనంగానే గుర్తించమని కోరుతున్నాను.

ఆ ప్రయోజనం ఏమిటో చెప్పాలంటే ప్రయాణాన్ని కొంత వివరించక తప్పదు. విశాఖపట్నం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున ఉన్న రేవు పట్టణం. అక్కడి నుంచి అరకు రైలు మార్గంలో సుమారు 130 కిలోమీటర్లు. అరకుకు ముందు స్టేషనైన శిమిలిగుడ ఎత్తు 996 మీటర్లు. అంటే సముద్రపు గాలి తగిలే ప్లాట్‌ఫారం మీద రైలెక్కిన మనిషి, సుమారు నాలుగు గంటల్లో, ఒకే సీటులో కూర్చుని, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరతాడు. ఒకే పూటలో సముద్రాన్నీ కొండనూ ఇంత దగ్గరగా కలిపే బ్రాడ్ గేజి ప్యాసింజరు రైళ్ళు మన దేశంలో చాలా అరుదు.

కొత్తవలస దాటాక శృంగవరపుకోట, బొడ్డవర వరకు పొలాలు, తాటిచెట్లు, మామిడి, జీడి తోటలు వస్తాయి. కొండలు దూరంగా నీలంగా ఉంటాయి. శివలింగపురం దగ్గర అవి ఒక్కసారిగా పట్టాల పక్కకు వచ్చేస్తాయి. ఇంజను శబ్దం మారుతుంది, వేగం తగ్గుతుంది, వంపుల్లో చక్రాలు పట్టాలను ఒరుసుకునే కీచుమనే చప్పుడు మొదలవుతుంది. వెనక పెట్టెలో కూర్చున్నవారికి ముందు ఇంజను వంపు తిరిగి కొండ అంచున కనిపిస్తుంది. మొదటి సొరంగం రాగానే పిల్లలు, పెద్దలు అన్న తేడా లేకుండా పెట్టె మొత్తం ఒక్కసారి కేకలు వేస్తుంది. చీకట్లో చల్లటి చెమ్మగాలి ముఖానికి కొడుతుంది. రాతి గోడల నుంచి కారే నీరు కిటికీ వెలుగులో ఒక్క క్షణం మెరుస్తుంది. సొరంగం బయటికి రాగానే కుడివైపో ఎడమవైపో నేల లేదు, లోయే ఉంటుంది. కళ్ళు ఆ వెలుగుకు అలవాటు పడేలోపే ఇంకో సొరంగం. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస దాకా ఇదే వరస.

చిమిడిపల్లి లాంటి చిన్న స్టేషన్లలో రైలు క్రాసింగ్ కోసం ఆగుతుంది. పక్క లైనులోంచి ఖనిజం నింపిన గూడ్సు బండి దిగుతూ పోతుంది. వ్యాగన్ల అంచులకు, చక్రాలకు, పట్టాల మధ్య కంకరకు కూడా ఎర్రటి ధూళి పట్టి ఉంటుంది. ఆ బండి పూర్తిగా దాటేదాకా పట్టే సమయాన్ని చాలామంది ఆలస్యంగా లెక్కిస్తారు. నాకు మాత్రం ఈ ప్రయాణంలో అత్యంత విలువైన నిమిషాలు అవే. ఇంజను శబ్దం సద్దుమణిగాక లోయలో పక్షుల అరుపులు, కొండవాగు శబ్దం వినిపిస్తాయి. ఈ దేశపు ఉక్కుకు ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుందో, ఏ దారిన వస్తుందో, ఎంత బరువుతో కొండ దిగుతుందో పాఠ్యపుస్తకం చెప్పలేని విధంగా పిల్లలకు కళ్ళెదుట కనిపిస్తుంది.

ఈ కొండల నుంచే గోస్తనీ నది పుడుతుంది. బొర్రా గుహల్లోంచి ప్రవహించి, తాటిపూడి జలాశయంలో నిలిచి, విశాఖ దాహం కొంత తీర్చి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నది దిగి వచ్చిన కొండల్లోకే మన రైలు ఎక్కుతుంది. బొర్రా దగ్గర రైలు పట్టాలు గుహల పైనుంచే వెళ్తాయి. కింద సున్నపురాతిని నది తొలిచిన గుహ, పైన మనిషి తొలిచిన సొరంగాల వరస. శిమిలిగుడ దాటి అరకు లోయలోకి దిగేసరికి సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు, వానాకాలం ముగిసిన తర్వాత అయితే పసుపు పచ్చగా పూసిన వలిసె పొలాలు. ఒకప్పుడు దేశంలో అన్నిటికంటే ఎత్తైన బ్రాడ్ గేజి స్టేషనుగా శిమిలిగుడ పేరు పొందింది. 2008లో కశ్మీర్ లోయలో రైళ్ళు మొదలయ్యాక ఆ ఘనత అటు వెళ్ళింది. ఘనత పోయినా ఆ స్టేషను విలువ ఏమీ తగ్గలేదు.

అనంతగిరి మీదుగా ఘాట్ రోడ్డు ఉంది కదా, కార్లు, బస్సులు పోతున్నాయి కదా అని ఎవరైనా అనవచ్చు. రోడ్డుకు దాని అందం ఉంది. కానీ రోడ్డు చూపించే కొండ వేరు, రైలు చూపించే కొండ వేరు. పట్టాలు వెళ్ళే లోయల్లో చాలా చోట్లకు రోడ్డే లేదు. పైగా సెలవు రోజుల్లో ఆ ఘాట్ మీద వాహనాల రద్దీ ఎంత పెరిగిందో విశాఖ వాసులందరికీ తెలుసు. ఒక్క రైలులో వచ్చే జనం కార్లలో వస్తే ఆ కొండల మీద ఎంత పొగ, ఎంత రద్దీ పెరుగుతాయో ఊహించడం కష్టం కాదు.

రైల్వే శాఖ ఈ మార్గపు అందాన్ని గుర్తించలేదని నేను అనడం లేదు. 2017 ఏప్రిల్ 16న దేశంలోనే మొట్టమొదటి విస్టాడోమ్ పెట్టెను అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు ప్రారంభించింది విశాఖ, అరకు మార్గంలోనే. పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ తయారుచేసిన ఆ పెట్టెలో అద్దాల పైకప్పు, విశాలమైన కిటికీలు, గుండ్రంగా తిరిగే కుర్చీలు చూసి విశాఖ జనం గర్వపడ్డారు. ఆ తర్వాత ముంబయి నుంచి గోవాకు వెళ్ళే రైళ్ళకు, సకలేశ్‌పుర ఘాట్ దిగి మంగళూరు వెళ్ళే రైలుకు, కశ్మీర్ లోయకు కూడా అలాంటి పెట్టెలు వెళ్ళాయి. ఆ నిర్ణయం తీసుకున్నవారిని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. పెట్టెలు పెంచమని, సీజనులో మరిన్ని వేయమని కూడా కోరుతున్నాను.

కానీ ఒక ఆందోళనను మీ ముందు ఉంచాలి. విస్టాడోమ్ పెట్టెలో సీట్లు నలభై పైచిలుకు. వాటి ఛార్జీ సాధారణ టికెట్టుకు ఎన్నో రెట్లు. నవంబరు నుంచి జనవరి దాకా అవి వారాల ముందే నిండిపోతాయి. కొండ అందం చూడాలంటే ఆ పెట్టెలోనే ఎక్కాలి, మిగతా పెట్టెలు ఏదో ఒకలా చేరవేస్తే చాలు అన్న ఆలోచన మెల్లగా స్థిరపడితే, ఈ రైలు రెండు రైళ్ళుగా చీలిపోతుంది: చూసేవారి రైలు ఒకటి, చేరేవారి రైలు ఒకటి. అద్దాల పెట్టె కోసం ఒక జనరల్ పెట్టెను తగ్గించాల్సిన సందర్భం వస్తే, దయచేసి ఆ పని చేయవద్దు. పెంచేది ఏదైనా ఉన్న పెట్టెలకు అదనంగానే ఉండాలి.

ఎందుకంటే జనరల్ పెట్టెలో ఉన్నవారిది ఆ కొండ. శృంగవరపుకోటలోనో బొడ్డవరలోనో ఎక్కి త్యాడలో, కరకవలసలో దిగే బగత, కొండదొర, వాల్మీకి, పోర్జా కుటుంబాలకు ఇది విహారపు రైలు కాదు. సంతకు వెళ్ళేది, విశాఖలో కె.జి.హెచ్. ఆసుపత్రిలో చూపించుకోవడానికి వెళ్ళేది, హాస్టలు నుంచి పిల్లలను ఇంటికి తెచ్చుకునేది ఈ రైలులోనే. సీతాఫలాల బుట్ట, అల్లం మూట, చీపుళ్ళ కట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్న అవ్వ, పక్కన విశాఖ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలకు ఫలానా కొండ పేరేమిటో, ఆ వాగు ఎటు పోతుందో చెప్పడం ఈ పెట్టెల్లో మామూలుగా కనిపించే దృశ్యం. అద్దాల పెట్టెలో కొండ బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ కొండ గురించి తెలిసిన మనిషి జనరల్ పెట్టెలోనే దొరుకుతారు. సకల సౌకర్యాల పర్యాటక రైలును వేరే నడపండి, మాకు అభ్యంతరం లేదు. ఈ ప్యాసింజరును మాత్రం దాని చిన్న చిన్న స్టేషన్లతో సహా ఉండనివ్వండి. వేగం పెంచడం కోసం త్యాడలోనో చిమిడిపల్లిలోనో నిలుపుదల ఎత్తివేయడం వల్ల మిగిలే నిమిషాల కంటే పోయేది చాలా ఎక్కువ.

సాధారణ పెట్టెల కిటికీల సంగతి కూడా చెప్పాలి. అడ్డకడ్డీలతో, ఇరుకైన షట్టర్లతో ఉన్న కిటికీలోంచి లోయ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అందుకే ఘాట్ మొదలవగానే కుర్రవాళ్ళు తలుపుల దగ్గర గుమిగూడతారు, మెట్ల మీద వేలాడతారు, ఫోనులో ఫొటోల కోసం చేతులు బయటికి చాస్తారు. సొరంగపు గోడకూ పెట్టెకూ మధ్య ఖాళీ ఎంత తక్కువగా ఉంటుందో మీ ఇంజనీర్లకు నేను చెప్పనక్కర్లేదు. హెచ్చరిక బోర్డులు, జరిమానాలు కొంతవరకే పనిచేస్తాయి. మనిషికి కూర్చున్న చోటి నుంచే బాగా కనిపిస్తే తలుపు దగ్గరికి వెళ్ళాల్సిన అవసరమే ఉండదు. ఎ.సి. లేకుండా, రిజర్వేషన్ అక్కర్లేకుండా, పెద్ద అద్దాల కిటికీలతో, గాలి వచ్చే ఏర్పాటుతో, మామూలు ఛార్జీకి ఎక్కగలిగే పెట్టెలు ఒకటి రెండైనా ఈ మార్గానికి ప్రత్యేకంగా తయారు చేయించండి. ఖర్చు కొంత అవుతుంది. కానీ ప్రాణభద్రత పేరిట పెట్టే ఖర్చులో ఇంతకంటే సార్థకమైనది ఈ మార్గంలో ఇంకొకటి నాకు తోచడం లేదు. విస్టాడోమ్ పెట్టెల అద్దాలను ప్రతి ప్రయాణానికి ముందు శుభ్రం చేయించడం, లోయ ఏ పక్క ఎక్కువగా కనిపిస్తుందో టికెట్టు కొనేటప్పుడే తెలియజేయడం ఖర్చులేని పనులు.

అన్నిటికంటే ముఖ్యం వేళ. వెళ్ళేటప్పుడు ఉదయపు వెలుగులో ఘాట్ ఎక్కుతున్నాం, బాగానే ఉంది. తిరుగు ప్రయాణంలో కిరండూల్ నుంచి వచ్చే రైలు అరకు చేరేసరికే పొద్దు వాలుతుంది. డిసెంబరులో విశాఖ ప్రాంతంలో సుమారు అయిదున్నరకే సూర్యాస్తమయం. పర్యాటకులు ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. రైలు సమయానికి నడిచినా ఘాట్ దిగువ భాగం చీకట్లో కలిసిపోతుంది. కొంచెం ఆలస్యమైతే ఘాట్ మొత్తం చీకట్లోనే దిగాలి. అందువల్ల చాలామంది రైలులో వెళ్ళి బస్సులోనో కారులోనో తిరిగి వస్తున్నారు. పర్యాటక ప్యాకేజీలు కూడా అలాగే రూపొందాయి. శీతాకాలం మూడు నెలలైనా అరకు నుంచి మధ్యాహ్నం తొలి భాగంలో బయలుదేరే ఒక రైలు విశాఖకు నడిపితే, దిగేటప్పుడు కొండ కనిపిస్తుంది. రోడ్డు మీద భారం తగ్గుతుంది. రైల్వేకు రెండు వైపులా ఆదాయం వస్తుంది. ఒంటి లైను మీద ఖనిజపు బండ్ల మధ్య దారి దొరకదన్న సమాధానం ఇంతకాలం సమంజసమే. రెండో లైను పూర్తయ్యాక ఆ సమాధానానికి బలం ఉండదు.

ఆ రెండో లైను గురించే నా అసలు భయం. కొత్త లైను వేసేటప్పుడు వాలు తగ్గించడానికి, వంపులు సరిచేయడానికి, బండరాళ్ళు జారిపడే చోట్లను తప్పించడానికి పొడవైన సొరంగాలు తవ్వడం ఇంజనీరింగ్ దృష్టిలో సరైన పనే. వానాకాలంలో ఈ ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి రోజుల తరబడి రాకపోకలు ఆగిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. పట్టాల భద్రత కోసం రాత్రింబవళ్ళు కాపలా తిరిగే ట్రాక్‌మన్‌ల కష్టం తెలిసినవారెవరూ ఆ పనిని వ్యతిరేకించరు. కానీ కొత్త లైను పాతదానికి దూరంగా, కొండ కడుపులోంచి వెళ్ళే చోట, ప్రయాణికుల రైలును ఏ లైను మీద నడపాలన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు సమాధానం కంట్రోల్ ఆఫీసులో ఆ పూట ఖాళీగా ఉన్న లైనును బట్టి కాకుండా, ముందే ఆలోచించి తీసుకున్న నిర్ణయంగా ఉండాలి. పగటి ప్యాసింజరు, వీలైనంతవరకు, లోయ కనిపించే పాత లైను మీదే నడవాలి.

ఇది లేనిపోని భయం కాదు. మన నల్లమలలోనే ఇలా జరిగింది. గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే దారిలో దిగువమెట్ట, గాజులపల్లె మధ్య లోయ మీద 1880లలో కట్టిన దొరబావి వంతెన మీటరు గేజి కాలంలో ప్రయాణికులు లేచి నిలబడి చూసే చోటు. 1990లలో బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు మార్గం మారింది, రైలు బొగద సొరంగంలోంచి వెళ్ళింది, వంతెన పనికిరానిదయింది, ఆ తర్వాత దాన్ని విప్పి తీసేశారు. గేజి మార్పు అవసరమే, ఎవరూ కాదనరు. కానీ ఆ వంతెనను ఏం చేయాలన్నది ముందే ఆలోచించి ఉంటే కనీసం నడిచి వెళ్ళి చూసే చోటుగానైనా మిగిలేది. ఈనాడు నల్లమల దాటే ప్రయాణికుల్లో అలాంటి వంతెన ఒకటి ఉండేదని తెలిసినవారే తక్కువ. అస్సాంలో లమ్డింగ్, హాఫ్‌లాంగ్ కొండ మార్గం కూడా 2015లో బ్రాడ్ గేజి అయినప్పుడు చాలా చోట్ల కొత్త దారి పట్టింది. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా సిమ్లా మార్గాలు యునెస్కో గుర్తింపు పొందాయి కాబట్టి వాటిని ముట్టుకునే ముందు ఎవరైనా ఆలోచిస్తారు. బ్రాడ్ గేజి మార్గాలకు, అందులోనూ సరుకు కోసం వేసిన మార్గాలకు, అలాంటి రక్షణ ఏదీ లేదు. కొత్తవలస, కిరండూల్ మార్గానికి ప్రపంచ గుర్తింపు తెమ్మని నేను అడగడం లేదు. మీ సొంత పత్రాల్లోనే, మీ సంతకంతోనే, ఈ ఘాట్ భాగాన్ని దృశ్య ప్రాధాన్యం గల మార్గంగా నమోదు చేయమని అడుగుతున్నాను.

జోన్ల విభజనలో కొండ మార్గం ఎవరి కింద ఉండాలన్న రాజకీయ చర్చలోకి ఈ లేఖలో వెళ్ళను. అరకు ప్రజలు, విశాఖ ప్రజాప్రతినిధులు దాని గురించి తమ వాదన వినిపిస్తూనే ఉన్నారు. ప్రయాణికుడిగా నా ఆందోళన అమలుకు సంబంధించినది. రైలు బయలుదేరేది ఒక జోన్‌లో, అరగంట దాటగానే నడిచేది మరో జోన్‌లో. పెట్టెల నిర్వహణ ఒకరిది, పట్టాలు, స్టేషన్లు, క్రాసింగ్‌లు ఇంకొకరివి. రైలుకు అదనపు పెట్టె కావాలన్నా, బొర్రా స్టేషనులో మరుగుదొడ్డి బాగుచేయాలన్నా, తిరుగు రైలు వేళ మార్చాలన్నా ఎవరిని అడగాలో ప్రయాణికుడికి తెలియని పరిస్థితి రాకూడదు. రెండు జోన్లూ కలిసి ఈ ఒక్క రైలుకు బాధ్యుడైన అధికారిని నియమించి, ఆయన కార్యాలయాన్ని విశాఖలోనో అరకులోనో ఉంచితే చాలా సమస్యలు పుట్టకముందే పోతాయి.

దక్షిణ కోస్తా రైల్వే అన్న పేరు పెట్టుకున్న జోన్‌కు తీరం గురించి కూడా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. మన ప్రధాన మార్గం తీరానికి దగ్గరగా నడిచినా సముద్రం కిటికీలోంచి అంతగా కనిపించదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్ళాక రంభ, ఖల్లికోట, బాలుగావ్‌ల మధ్య ఒకపక్క చిలికా సరస్సు, ఇంకోపక్క కొండలు, వాటి నడుమ పట్టాలు. తెలుగువారు భువనేశ్వర్, కలకత్తా వెళ్ళే దారిలో చూడదగిన భాగం అది. ఎక్కువ మంది దాన్ని రాత్రి నిద్రలో దాటేస్తారు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే కిటికీలోంచి నాణెం వేసి దణ్ణం పెట్టుకునే అలవాటు మనకు తరతరాలుగా ఉంది. నీటినీ కొండనూ రైలు కిటికీలోంచి చూడడం మనవాళ్ళకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు. వేళ కుదిర్చితే చాలు. విశాఖ నుంచి అటు చిలికాకు, ఇటు అరకుకు పగటి రైళ్ళు వరుస రోజుల్లో అందేలా కాలపట్టిక చూడగలిగితే, ఒకే పట్టణం నుంచి సరస్సునూ కనుమలనూ చూసే అవకాశం మధ్యతరగతి కుటుంబాలకు దొరుకుతుంది.

స్టేషన్ల విషయంలో ఎక్కువ చెప్పను. బొర్రా గుహలు, శిమిలిగుడ, అరకు స్టేషన్లలో కాఫీ, తేనె, పసుపు, పళ్ళు అమ్ముకునే చోటు గిరిజన మహిళా సంఘాలకే దక్కాలి. వారికి ప్లాస్టిక్ కవర్ల బదులు అడ్డాకులు వాడే వీలు కల్పించాలి. సొరంగాల మధ్య పట్టాల పక్కన పేరుకుపోయే నీళ్ళ సీసాలు, చిప్సు ప్యాకెట్లు ఏరించే బాధ్యత ఎవరిదో తేల్చాలి. రైలులో ప్రకటనలు హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగులో, ఒడియాలో ఉండాలి. తర్వాతి స్టేషను పేరు చెప్పి ఊరుకోకుండా, ఫలానా చోట ఏ నది దాటుతున్నామో, ఏ కొండ ఎక్కుతున్నామో రెండు ముక్కలు చెప్పించండి.

చివరగా నేను కోరేది స్పష్టంగా ఇది. కొత్తవలస, కోరాపుట్ రెండో లైను పటాల్లో కొత్త లైను పాతదానికి దూరంగా వెళ్ళే భాగాలేమిటో, పూర్తయిన తర్వాత ప్రయాణికుల రైళ్ళు ఏ లైను మీద నడుస్తాయో ప్రజలకు తెలిసేలా ప్రకటించండి. పాత లైనులోని ఏ వంతెననైనా, సొరంగాన్నైనా వాడుక నుంచి తప్పించాలనుకుంటే ముందుగా విశాఖపట్నం, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో ప్రజాభిప్రాయం సేకరించండి. జనరల్ పెట్టెల సంఖ్య తగ్గించబోమని, చిన్న స్టేషన్లలో నిలుపుదలలు తీసేయబోమని, ఘాట్ ప్రయాణం పగటి వెలుగులోనే సాగేలా వేళలు నిర్ణయిస్తామని రెండు జోన్ల జనరల్ మేనేజర్లు కలిసి సంతకం చేసిన ఒక పత్రాన్ని, జోన్ మార్పిడి పూర్తి కాకముందే విడుదల చేయండి. ఆ పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ విశాఖపట్నం, శృంగవరపుకోట, అరకు, కోరాపుట్ స్టేషన్లలో అతికిస్తే, ఈ రైలెక్కే ప్రతి ఒక్కరూ చదువుకుంటారు. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

భవదీయుడు,
కొత్తవలస, కిరండూల్ మార్గపు ప్రయాణికుడు,
విశాఖపట్నం